సిరంజి మింగిన సున్నాలు

నా పెళ్ళి ఆగిపోబోయింది. జాతకాల దగ్గర కాదు, మర్యాదల దగ్గర కాదు, భోజనాల్లో ముద్దపప్పు తక్కువైనందుకూ కాదు. పెన్ను పట్టుకునే గొట్టం దగ్గర. ఎవరికి చెప్పినా నమ్మరని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు పిల్లలు బడికెళ్తున్నారు, మా అత్తవారు నన్ను మనిషికింద జమకట్టడం మొదలుపెట్టారు, కనక ధైర్యం చేసి రాస్తున్నాను. మీరు నవ్వుకోండి, పరవాలేదు. తునిలో అందరూ నవ్వేశారు, ఇంక మిగిలింది మీరే.

అప్పటికి నేను రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. కుర్రాళ్ళు కాల్చేసిన మోటార్లు బాగుచేయడం నా ఉద్యోగం. దేశం మొత్తం నా ఆవిష్కరణల కోసం కాచుకుని కూర్చుందన్నది నా నమ్మకం. ఆ నమ్మకంతోనే రెండు పాత ప్రింటర్లు విప్పి, వాటి కడ్డీలూ మోటార్లూ పీకి, ఒక చెక్క మీద బిగించి, బొమ్మలు గీసే యంత్రం తయారుచేశాను. కంప్యూటర్లో మనం ఏ గీత గీస్తే, అది కాగితం మీద పెన్నుతో అదే గీత గీస్తుంది. ఒక మోటారు పెన్నుని అటూ ఇటూ నడుపుతుంది, ఇంకోటి ముందుకీ వెనక్కీ. మూడోది అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని పనల్లా దారంతో పెన్నుని పైకెత్తడం, వదిలేయడం.

మొదటిరోజు దానిచేత కొబ్బరిచెట్టు గీయించి వాట్సాప్‌లో పెట్టాను. నలభైమంది చప్పట్లు పంపారు. అందులో ఇరవైమంది తాటిచెట్టు బాగుందన్నారు. నేను మొదటి మాట వదిలేసి రెండో మాట పట్టుకున్నాను. బాగుందన్నారు!

సరిగ్గా అప్పుడే తునిలో చింతా ఆనందరావుగారి అమ్మాయి లలితతో నాకు సంబంధం కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. తాంబూలాలు పుచ్చుకున్నరోజు, కాబోయే మావగారు శుభలేఖల మాట ఎత్తగానే నేను లేచి నిలబడ్డాను.

"కవర్ల మీద పేర్లు రాయడానికి మీరెవరూ శ్రమపడక్కర్లేదండి. మీవైపువీ మావైపువీ అన్నీ నా యంత్రం రాస్తుందండి."

"యంత్రం రాస్తుందా బాబూ?" ఆనందరావుగారు ఆశ్చర్యపోయారు. ఎంత మంచి మనిషంటే, ఎదుటివాళ్ళని సంతోషపెట్టడానికైనా ఆశ్చర్యపోతారు.

"అచ్చులా ఉండదండి. చేత్తో రాసినట్టే ఉంటుందండి."

మా నాన్న పక్కనుంచి మెల్లిగా అడిగారు. "చేత్తో రాసినట్టు ఉండాలంటే చేత్తో రాస్తే సరిపోదేంట్రా?"

అంత పాతకాలపు ప్రశ్నకి జవాబు చెప్పడం నా స్థాయికి తగదనిపించింది. చెప్పలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది, యంత్రాలకి అన్నీ ఉంటాయిగానీ వేళ్ళుండవని. తాటిచెట్టు గీసేటప్పుడు, అదే కొబ్బరిచెట్టు, పెన్నుని రబ్బరుబ్యాండుతో చుట్టాను. చెట్టు కాస్త ఊగినా గాలి అనుకుంటారు. పేర్లు ఊగితే ఏమనుకుంటారు? అందుకని మా అమ్మ ఆరేసిన తువ్వాలుకున్న బట్టల క్లిప్పు తీసుకొచ్చి బిగించాను. 'రామారావు' అని రాయిస్తే, రావులపాలెం వంతెన మీద లారీలో కూర్చుని రాసినట్టు వచ్చింది. తువ్వాలు ఎగిరి పక్కింటి డాబా మీద పడింది. అది వేరే గొడవ.

తరవాత మా వదిన జుట్టుకి పెట్టుకునే పెద్ద పళ్ళ క్లిప్పు మీద నా కన్ను పడింది. ఆహా! పన్నెండు పళ్ళతో పెన్నుని పట్టుకుంటే, మొసలి కాలు పట్టుకున్నట్టే, కదిలితే ఒట్టు. దాంతో రాయించిన నమూనా కవరు ఫొటో తీసి తుని పంపాను. 'ముత్యాలు బాబూ, ముత్యాలు' అని ఆనందరావుగారు జవాబిచ్చారు. నేను ఆ రోజంతా నేలమీద నడవలేదు.

మర్నాడు వదిన జుట్టు విరబోసుకుని మా గదిలోకి వచ్చింది.

"మణీ, నా క్లిప్పేది?"

"వదినా, అది ఇప్పుడు క్లిప్పు కాదు. యంత్రభాగం."

"నేను అమలాపురం సీమంతానికి వెళ్ళాలి. యంత్రభాగం ఇస్తావా, నీ తలకాయ ఇస్తావా?"

ఇచ్చేశాను. అలాంటి క్లిప్పు ఇంకోటి బజార్లో కొనుక్కోవచ్చుగా అని మీరంటారు. తెలివైనవాళ్ళు మీరు. నేను అప్పటికే దానికన్నా గొప్ప ఆలోచన చేసేశాను. పెన్నుని పళ్ళతో పట్టుకోవడమేమిటి, మోటుగా? నున్నటి గొట్టంలో పెడితే తిన్నగా పైకి లేస్తుంది, తన బరువుకి తనే కిందికి దిగుతుంది. నున్నటి గొట్టమంటే ఏది? సిరంజి!

మెయిన్‌రోడ్డులో మందుల షాపుకి వెళ్ళాను.

"సిరంజి ఒకటి ఇవ్వండి. లావుది."

"ఎవరికండి?"

"పెన్నుకండి."

షాపాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "పెన్నుకేమైందండి?"

"ఊగుతోందండి."

"ఎన్నాళ్ళనించి?"

"బట్టల క్లిప్పు పెట్టినప్పట్నించండి."

ఆయన అలమర తెరిచాడు. సిరంజి ఇచ్చాడుగానీ, సూది మాత్రం జాగ్రత్తగా తీసి లోపల దాచేసుకున్నాడు.

సిరంజి మూతి కోసేసి, లోపలి రబ్బరుబిళ్ళకి కన్నంపెట్టి, దాన్ని పెన్ను నడుముకి తొడిగాను. గొట్టంలోకి దించితే సరిగ్గా పట్టింది. మరీ సరిగ్గా పట్టింది. దిగదే! చుట్టూ చూశాను. అద్దం దగ్గర కొబ్బరినూనె సీసా కనపడింది. రెండు చుక్కలు వేశాను. అంతే, పెన్ను సర్రున జారింది. శనివారం మిట్టమధ్యాహ్నం డాబామీది గదిలో ఎండ పడుతుండగా పది పేర్లు రాయించి చూశాను. పదీ పది ముత్యాలు.

ఇక్కడ అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం మీకు అర్థంకాదు. ప్రతి తెలుగక్షరమూ పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో వచ్చేలా నేనే కంప్యూటర్లో గీసుకున్నాను. అక్షరానికీ అక్షరానికీ మధ్య పెన్ను లేవాలి, మళ్ళీ దిగాలి. అన్నిటిలోకీ బుల్లిది సున్నా. పెన్ను దిగడం, చుట్టడం, లేవడం మూడూ రెప్పపాటులో అయిపోతాయి.

ఆదివారం పొద్దున్న ఆరుగంటలకి పని మొదలుపెట్టాను. గౌరవంగా ఉంటుందని ఆడపెళ్ళివారి కవర్లే ముందు పెట్టాను. పుష్యమాసం. గోదావరి మీంచి వచ్చే చలికి మా నాన్న చెవులకి మఫ్లరు చుట్టుకుని, కాఫీగ్లాసు రెండుచేతులా పట్టుకుని కూర్చున్నారు. నేను యంత్రం ముందు పీటవేసుకుని, పెన్ను లేవడం దిగడం చూసి మురిసిపోతున్నాను. గమనించండి, నేను చూసింది పెన్నుని. కాగితాన్ని కాదు.

పెన్ను లేస్తోంది. దిగుతోంది. కాస్త నెమ్మదిగా, పెద్దింటి కోడలు మెట్లు దిగినట్టు, హుందాగా దిగుతోంది. నాకది ఇంకా నచ్చింది.

వదిన సీమంతంనుంచి వచ్చేసింది కాబోలు, వెనకనుంచి తొంగిచూసి, "అక్షరాలు మొదట్లో కొంచెం తెగినట్టున్నాయి మణీ" అంది.

"అది స్టైలు వదినా."

"ఓహో" అని వెళ్ళిపోయింది. క్లిప్పు తలకి గట్టిగా పెట్టుకుని మరీ వెళ్ళింది.

రాసిన కవర్లు రాసినట్టు మిఠాయి అట్టపెట్టెలో పేర్చాను. "సిరా ఆరాలి, ఎవరూ ముట్టుకోవద్దు" అని ఇంటిల్లిపాదినీ హెచ్చరించాను. పదకొండింటికి కిటికీలోంచి ఎండ వచ్చి యంత్రం మీద పడింది. ఆ తరవాతనుంచి మావైపు కవర్లు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మేనత్త వెంకటరత్నంగారి పేరున్న కవరు అందరికీ తిప్పి చూపించాను. రెండు సున్నాలూ గుండ్రంగా, నిండుగా, పూర్ణంబూరెల్లా ఉన్నాయి. మా నాన్న కూడా "బానే ఉందిరా" అన్నారు. మా నాన్న నోట 'బానే ఉంది' అంటే ఇంకొకళ్ళ నోట సన్మానపత్రం.

సోమవారం నాన్న రైల్లో తుని వెళ్ళి అట్టపెట్టె ఇచ్చి వచ్చారు. ఆనందరావుగారు ఆ సాయంత్రమే పంచడం మొదలుపెట్టారట. కాబోయే అల్లుడి మీద అంత నమ్మకం. మంగళవారం ఏమీ కాలేదు. బుధవారం ఏమీ కాలేదు. గురువారం పొద్దున్న ఫోను మోగింది.

"బాబూ మణీ, అంతా కులాసానా?"

"కులాసానండి మావయ్యగారూ. కవర్లు ఎలా ఉన్నాయండి?"

అటునుంచి కవరు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"మా ఇంటిపేరు మీకు తెలుసు కదా బాబూ?"

"అయ్యో, తెలీకపోవడమేంటండి? చింతా కదండీ!"

"మీకు తెలుసు. మరి మీ యంత్రానికి చెప్పారా?"

ఫోను పెట్టేసిన నిమిషానికి లలిత దగ్గరనుంచి ఒక ఫొటో వచ్చింది. వాళ్ళ మామ్మగారి పేరున రాసిన కవరు. చింతా మంగమ్మగారు. నేను అప్పుడు మొదటిసారి అక్షరాలు చదివాను.

'శ్రీమతి చితా మగమ్మ గారికి.'

ఒక్క సున్నా లేదు. ఇంటిపేరులోదీ లేదు, ఒంటిపేరులోదీ లేదు. శుభలేఖ మీద చితి పేర్చి, దానిమీద పెద్దావిణ్ణి మగవాణ్ణి చేసి కూర్చోబెట్టాను.

జరిగింది ఇది. చలికి సిరంజిలో కొబ్బరినూనె గడ్డకట్టింది. పెన్ను ఆలస్యంగా దిగింది. పెద్ద అక్షరాలకి మొదట్లో చిన్నముక్క తెగిందంతే. సున్నాకొచ్చేసరికి పెన్ను కాగితాన్ని తాకేలోపలే యంత్రం గాలిలో సున్నా చుట్టేసి, పనైపోయిందని తరవాతి అక్షరానికి వెళ్ళిపోయింది. ఎండ వచ్చాక నూనె కరిగింది, సున్నాలు తిరిగొచ్చాయి. ఎవరికి? మావాళ్ళకి! ఆడపెళ్ళివారికి మాత్రం యాభైకి పైగా కవర్లలో ఒక్కటంటే ఒక్కటి దక్కలేదు.

అసలు విషయం తుని అంతా మంగళవారమే గమనించిందట. ఒక్కరూ పైకి అనలేదు. పెళ్ళిళ్ళలో మర్యాద అలాగే ఉంటుంది. కవరిచ్చినప్పుడు నవ్వుతూ పుచ్చుకుంటారు, మనం వీధి మలుపు తిరగ్గానే అదే కవరు పట్టుకుని నాలుగిళ్ళు తిరుగుతారు. లలితకి పెదనాన్న వరస, చింతా గంగాధరంగారు, 'చితా గగాధర దపతులు'గా మారి మండిపోతున్నారు. ఆయనకి మావైపు చుట్టం ఒకాయన స్నేహితుడు. ఆ స్నేహితుడి కవరు తెప్పించి తన కవరు పక్కన పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించారట.

"చూశారా? వాళ్ళ సున్నాలు వాళ్ళకి ఉంచుకున్నారు. మనవి మాత్రం ఏరి ఏరి తీసేశారు. దీని భావమేంటి? మనం సున్నాకి కూడా పనికిరామనే కదా?"

అంతకన్నా పెద్ద ప్రమాదం మంగమ్మగారు. భర్త చిన్నవయసులోనే పోతే, ఆవిడ తుని మార్కెట్లో మామిడికాయల మండీ నలభై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపారు. లారీడ్రైవర్లు ఆవిడ ముందు బీడీ ఆర్పేసేవారట. ఆవిడ పెద్దాపురంలో కూతురింటికి వెళ్ళి, బుధవారం సాయంత్రం తిరిగొచ్చి కవరు చూశారు. "బజార్లో మా అమ్మని వెనకాల ఏమంటారో మీకెవరు చెప్పారు బాబూ?" అని ఆనందరావుగారు రెండోసారి ఫోన్‌చేసి అడిగినప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. నలభై ఏళ్ళుగా మార్కెట్టంతా ఆవిణ్ణి వెనకాల 'మగమ్మ' అనే పిలుస్తోందట!

"పెళ్ళి సంగతి మా అమ్మ తేలుస్తానంది. ఒకసారి రండి" అన్నారాయన. గొంతులో ఆశ్చర్యం లేదు. దానికే నాకు భయమేసింది.

శుక్రవారం నేనూ మా నాన్నా తుని రైలెక్కాం. సాక్ష్యం కోసం సిరంజి చొక్కాజేబులో పెట్టుకున్నాను. సామర్లకోట దాటాక నాన్న నావైపు తిరిగారు. ఒక్క మాటన్నారు. "సంబంధం పోతే పోయింది గానీ, అమ్మాయి మంచిదిరా." ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటిదాకా యంత్రం పరువు గురించే ఆలోచిస్తున్నాను. లలితని పోగొట్టుకోబోతున్నానన్న సంగతి అప్పుడు తట్టింది.

హాల్లో చింతావారు పదిహేనుమంది కూర్చున్నారు, ఎవరి కవరు వాళ్ళు పట్టుకుని. మధ్యలో పడక్కుర్చీలో మంగమ్మగారు. గుమ్మం పక్కన లలిత. మొహంలో కోపముందో లేదో తెలియడంలేదు.

"చెప్పవయ్యా" అన్నారు మంగమ్మగారు.

"మామ్మగారూ, ఇందులో నా ఉద్దేశం ఏమీ లేదండి. తప్పు కొబ్బరినూనెదండి."

హాల్లో ఎవరో దగ్గారు. నేను సిరంజి తీసి చూపించాను. గంగాధరంగారు భయపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. నూనె, చలి, రబ్బరుబిళ్ళ, పెన్ను, మొత్తం వివరంగా చెప్పాను.

ఆవిడ అంతా విని, "ఇది ఏ నెల?" అన్నారు.

"పుష్యమండి."

"పుష్యంలో కొబ్బరినూనె గడ్డకడుతుందని తెలీదా నీకు?"

"సీసాలో కడుతుందని తెలుసండి."

"సిరంజిలో కట్టదనుకున్నావా?"

"...అవునండి."

"ఏం చదివావు?"

"మెకానికలండి."

ఆవిడ మా నాన్నవైపు తిరిగారు. "ఎన్నేళ్ళు చదివించారండీ?"

"మూడేళ్ళండి" అన్నారు నాన్న వినయంగా. "ఒక సబ్జెక్టు ఉండిపోతే ఇంకో ఆర్నెల్లండి."

గుమ్మం పక్కన లలిత చెంగు నోటికి అడ్డుపెట్టుకుంది. మంగమ్మగారు కవరు ఎత్తి వెలుతురులో మరోసారి చదువుకున్నారు.

"నలభై ఏళ్ళయింది. ఈ పేరు అందరూ నా వెనకాల అన్నవాళ్ళే. శ్రీమతి చేర్చి, గారు తగిలించి, మొహం మీద రాసి పంపిన మొనగాడివి నువ్వొక్కడివే." ఆవిడ పెదవి కొస కదిలింది. "దీనికి నేనేమీ అనుకోను. కానీ మావాళ్ళందరినీ చితి ఎక్కించావు. ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి దింపిరా. ఆ గొట్టం ఇక్కడ పెట్టి, పెన్ను నీ చేత్తో పట్టుకుని వెళ్ళు. మా లలిత ఇళ్ళు చూపిస్తుంది."

పెళ్ళి నిలబడింది! నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, హాల్లో ఉన్న పదిహేనుమందికీ అక్కడికక్కడే సున్నాలు చుట్టి, లలిత స్కూటీ వెనక ఎక్కాను. పెళ్ళికిముందు మేమిద్దరం కలిసి తిరిగింది ఆ ఒక్కరోజే. అందరూ పార్కుకో సినిమాకో వెళ్తారు. మేం ఇంటింటికీ వెళ్ళి తలుపుకొట్టి, "సున్నా పెట్టడానికొచ్చామండి" అన్నాం.

తునివాళ్ళు తక్కువవాళ్ళు కారు. ఒకాయన, "కాస్త పెద్దది చుట్టండి, వీధిలోకి కనపడాలి" అన్నారు. ఒకావిడ నాచేత ముందు చిత్తుకాగితం మీద నాలుగు సున్నాలు పెట్టించి, అందులో ఒకటి ఎంచుకుని, "ఇదిగో, ఇలాంటిది పెట్టు నాయనా" అంది. తొమ్మిదో ఇంట్లో మమ్మల్ని కూర్చోబెట్టి పళ్ళెంనిండా సున్నుండలు తెచ్చిపెట్టారు. అది మర్యాదో వెటకారమో నాకు ఈరోజుకీ తేలలేదు. నాలుగు తిన్నాను.

సాయంత్రానికి నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. సున్నా చుడితే వంకాయ వస్తోంది. ఆఖరి ఇంటి అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయన కవరు దిద్దబోతే పెన్ను జారి, కవరు నిండా సిరా పడింది. లలిత బ్యాగులోంచి కొత్తకవరు తీసి, మోకాలి మీద పెట్టుకుని, నా చేతిలో పెన్ను తీసుకుని పేరు రాసింది.

నేను ఆ అక్షరాలు చూసి నోరు తెరిచాను. మొగ్గలు పేర్చినట్టున్నాయి. ఒత్తు ఒత్తులా ఉంది, దీర్ఘం దీర్ఘంలా ఉంది.

"ఇంత బాగా రాస్తావా నువ్వు? ముందే చెప్పొచ్చుగా! కవర్లన్నీ నువ్వే రాసేదానివి కదా!"

లలిత పెన్నుకి మూతపెట్టింది. "నన్నెవరడిగారండీ? పెళ్ళి కుదిరినప్పట్నించి రోజూ ఫోన్‌చేశారు. మొదటివారమంతా బట్టల క్లిప్పు. రెండోవారం మీ వదినగారి తల క్లిప్పు. మూడోవారం సిరంజి. మధ్యలో ఒక్కరోజు 'భోంచేశావా' అన్నారు. నేను సంతోషించేలోపే, 'మీ ఇంట్లో ఏం నూనె వాడతారు' అన్నారు."

కనక యావన్మందికీ తెలియజేయునదేమనగా, రాజమండ్రి వాస్తవ్యుడు సుబ్రహ్మణ్యం ఉరఫ్ మణి అనే నేను, పూర్తి తెలివిలో ఉండి చేస్తున్న ప్రమాణం. మనుషుల పేర్లున్న ఏ కాగితం దగ్గరికీ ఇకపై మోటారు తీసుకుని వెళ్ళను. ఆడవాళ్ళ తలమీది వస్తువులు యంత్రాలకి బిగించను. మందుల షాపుకి రోగమొస్తే తప్ప వెళ్ళను. ఏదైనా యంత్రం తలపెట్టేముందు, ఆ పని చేతనైన మనిషి ఇంట్లోనే ఉందేమో మర్యాదగా అడిగి తెలుసుకుంటాను. ఈ చివరి షరతు మా ఆవిడ చేర్చమంది. నిజం చెప్పాలంటే పై మూడూ కూడా ఆవిడ చెప్పినవే. సంతకం మాత్రం పూర్తిగా నా సొంతం, ఆవిడ వేలు పెట్టి చూపించిన చోటే చేశాను.